తప్పిన మేకు దగ్గరికి

ఆ ఊళ్లో ఎవరికి జ్వరం తగిలినా, ఎవరి బర్రె ఈనలేక తన్నుకున్నా "సోమమ్మ చెవుల ఒక మాట వెయ్యుండ్రి" అనుకోవడం అలవాటు. నల్గొండకు బస్సులో గంట దూరం. గడప గడపకూ మగ్గం ఉన్న ఊరు. బోనాలెత్తే ఇళ్లే అన్నీ, రేకుల చర్చికి పోయేవి ఏడో ఎనిమిదో. అయినా సోమమ్మ ప్రార్థన మీద అందరికీ ఒక గురి. ఎందుకంటే ఆమె ప్రార్థన తలుపులు మూసుకుని చేసేది కాదు. పట్టపగలు, వసారాలో, దారిన పోయేవాళ్లు చూస్తుండగా ఆసు ముందు కూర్చుని చేసేది.

ఆసు అంటే పెద్ద సంగతేమీ కాదు. చీర రంగుల కోసం దారానికి ముడులు వేసే చిటికి పనికి ముందు పట్టుదారం పోసుకునే చట్రం. ఒక పక్కన ఒంటరిగా ఒక మేకు, దానికి ఎదురుగా విల్లులా వంగిన వరసలో నలభై పైచిలుకు మేకులు. ఒంటి మేకు నుంచి మొదటి దానికి, తిరిగి ఒంటి మేకుకు, అక్కణ్నుంచి రెండో దానికి, మళ్లీ వెనక్కి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు పోయి రావాలి. పద్నాలుగో ఏట ఆ పీట మీద కూర్చున్న సోమమ్మ యాభై ఎనిమిదో ఏట లేచింది.

ఆ మేకులకు ఆమె మనుషుల పేర్లు పెట్టుకుంది. మొదటిది, ఇరవై రెండు రోజులే బతికిన పెద్దబిడ్డది. ఆ బిడ్డ పోయిన నాడు ఒక్క మాట చెప్పకుండా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్న చర్చి మనిషి నర్సమ్మతో కలిసే సోమమ్మ మొదటిసారి చర్చి గడప తొక్కింది. పోయినవాళ్ల కోసం ప్రార్థించే పని లేదని తర్వాత ఒక అయ్యగారు చెబితే తలూపింది గానీ మేకు మార్చలేదు. రెండోది పెనిమిటిది, మూడోది కొడుకు అరుణ్‌ది. తర్వాత చుట్టాలు, పక్కిళ్లు, చర్చివాళ్లు. చెయ్యి మేకు దాకా పోయేసరికి పేరు, వెనక్కి వచ్చేసరికి ఒక మాట. "వాని దగ్గు తగ్గనియ్యి." "దాని నోరు జర అదుపుల పెట్టు." అంతే. చివరి మేకు సొంతానికి ఉంచుకుంది. "ప్రభువా, ఈ చెయ్యికి జర ఆరాం ఇయ్యి."

పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే. పిల్లలు పరధ్యానంలో మేకు తప్పించి, భయపడి, పోసిందంతా విప్పబోతే చెయ్యి పట్టుకునేది. "ఓసి పిచ్చిదానా, తప్పిన మేకు కాడికే రా. తప్పినప్పుడల్లా మొదటికి పోతే నీ జిందగీల ఒక్క చీర కాదు."

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు అరుణ్ ఆసు యంత్రం తెచ్చాడు. అప్పటికి సోమమ్మ కుడి భుజం కొంగు సర్దుకోవడానికి కూడా లేవడం లేదు. మీట నొక్కితే చాలు, ఆమె దినమంతా పోసే దారం యంత్రం రెండు గంటల్లో పోసేసింది. చివరి మేకు దగ్గర ఇన్నేళ్లు అడిగింది దొరికిందని సోమమ్మ ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

సోమవారం నుంచి ప్రార్థన రావడం మానేసింది.

మొదట ఆమె దాన్ని పట్టించుకోలేదు. చేతికి పని లేదు కాబట్టి నలుగురిలాగే తెల్లవారుజామున చాప మీద మోకరిస్తే సరిపోతుందనుకుంది. కళ్లు మూసుకుంది. "తండ్రీ" అనగానే గ్యాసు బండ అయిపోవచ్చిందన్న సంగతి గుర్తుకొచ్చింది. దాన్ని తోసేసి మళ్లీ "తండ్రీ" అంది. కోడలు నిన్న మూతి ఎందుకు ముడుచుకుందో గుర్తుకొచ్చింది. చాలాసేపైందని కళ్లు తెరిచి గోడ గడియారం చూస్తే నాలుగు నిమిషాలు. ఇంకో రోజు గోడకు తల ఆనించి నిద్రపోయింది. ఇంకో రోజు లేవనే లేదు. లేవనందుకు పగలంతా తనను తాను తిట్టుకుంది. ఆ తిట్లన్నీ కలిపితే ఒక ప్రార్థన కాలం అయ్యేది.

పాస్టరు సతీశ్‌కు చెప్పుకుంది. వారమంతా షాద్‌నగర్‌లో కంపెనీ పని చేసి శనివారం సాయంత్రానికి ఊరు చేరే పిల్లవాడు. ఓపికగా విని ఒక కాగితం మీద వరస రాసిచ్చాడు. ముందు స్తుతి, తర్వాత పాపాల ఒప్పుకోలు, కుటుంబం, సంఘం, దేశం, ఆఖరున ఇరుగుపొరుగు.

"ఒక పద్ధతిల పోతే మనసు చెదరదమ్మా" అన్నాడు.

"చెదిరితే అయ్యగారూ?"

"మళ్ల ప్రార్థన కాడికి రావాలె."

సోమమ్మ ఆ మాటను మొదటికి రావాలని అర్థం చేసుకుంది. ఆసు సంగతి వేరు, అది దారం. ఇది దేవుని సన్నిధి. మధ్యలో గ్యాసు బండ దొర్లిన ప్రార్థన మైలపడినట్టే కదా. అందుకని మనసు జారినప్పుడల్లా కాగితం పైనుంచి స్తుతితో మళ్లీ మొదలుపెట్టేది. ఒక్కనాడూ సంఘం దాకా చేరలేదు. ఇరుగుపొరుగు కాగితం అడుగున అలాగే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లోనే పక్కింటి లక్ష్మీనర్సయ్యకు పక్షవాతం వచ్చింది. ముప్పయ్యేళ్లుగా సోమమ్మ పోసిన దారంతో చీరలు నేసినవాడు. మగ్గం గుంటలోనే ఒక పక్కకు ఒరిగిపోయాడు. నల్గొండ దవాఖానలో చేర్చారు. బట్టల కోసం ఇంటికి వచ్చిన భార్య ఉప్పలమ్మ గోడ అవతల నిలబడింది.

"వదినె, మొక్కని దేవుడు లేడు. నీ దేవునికి సుత ఒక మాట చెప్పు. ఎవరు ముందు వింటే వాళ్లు."

"చెప్తనే. దినాం చెప్త."

రెండు రోజులకోసారి ఉప్పలమ్మ వచ్చేది. "చెప్తున్నవా వదినె?" "చెప్తున్ననే." అబద్ధం చెప్పాలని సోమమ్మ అనుకోలేదు. రేపు తెల్లారి తప్పకుండా అక్కడిదాకా చేరుతాననుకునేది. చేరేది కాదు. పగలు ఇల్లు ఊడుస్తూ చటుక్కున "లక్ష్మీనర్సయ్య" అనుకుని, చీపురు చేత పట్టుకుని అనడం మర్యాద కాదని నాలుక కరుచుకునేది. అన్నం సయించేది కాదు. వసారాలోకి వచ్చేది, లోపలికి పోయేది. పాత ఆసు చట్రం గొడ్ల పాకలో పడి ఉంటే వెళ్లి దుమ్ము తుడిచి, భుజం కలుక్కుమంటే తిరిగి వచ్చేది.

"ఏందమ్మా, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు అరుణ్. "మిషన్ ఒచ్చినంక నీకు ఆరామే గదా."

"ఆరామే బిడ్డా" అంది.

పన్నెండో రోజు ఉప్పలమ్మ సర్వపిండి పట్టుకొచ్చింది. వేడివేడిది, మీద నువ్వులు. ముఖం విప్పారి ఉంది.

"వేళ్లు కదిలినయ్ వదినె. చిటికెన వేలు, దాని పక్కది. మీ దేవునికి చెవులున్నయ్ పో. డాక్టరమ్మకు సుత చెప్పిన, మా వదినె నాలుగింటికే లేచి కూసుంటదని."

సోమమ్మ తుంచిన సర్వపిండి ముక్కను మళ్లీ పళ్లెంలోనే పెట్టేసింది.

"ఇయ్యాల నాతోని రా. ఆయన మంచం కాడ గట్టిగ చెయ్యి. ఆయన చెవుల పడాలె."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని సోమమ్మ మూడుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి కండక్టరు వచ్చాడు. రెండోసారి ఉప్పలమ్మ కునుకు తీస్తోంది. మూడోసారి ఏ అడ్డూ లేదు, ధైర్యమే లేదు.

లక్ష్మీనర్సయ్య మంచం వార్డులో గోడవార ఉంది. పక్కన పడిపోకుండా ఇనుప ఊచల కమ్మీ. మూతి కొద్దిగా వంకర. సోమమ్మను చూసి "అక్కా" అన్నాడు, నోట్లో బువ్వ పెట్టుకుని మాట్లాడినట్టు. చుట్టూ మంచాల వాళ్లు మాటలాపి చూస్తున్నారు. సోమమ్మ ముసుగేసుకుని కళ్లు మూసుకుంది.

"పరిశుద్ధుడవైన మా తండ్రీ, నీ నామమునకు స్తోత్రములు..."

ఎవరిదో సెలైన్ సీసా అయిపోయిందని అటు నుంచి కేక. సోమమ్మ మనసు అటు పోయింది. మళ్లీ మొదలుపెట్టింది. "పరిశుద్ధుడవైన మా తండ్రీ..." బట్టల సంచి బస్సులో మరిచానా? లేదు, ఇక్కడే ఉంది. మళ్లీ. "పరిశుద్ధుడవైన..." మూడోసారి అదే మాట దగ్గర ఆగిపోయింది. కళ్లు తెరిచింది. ఉప్పలమ్మ రెండు చేతులూ జోడించి, గుళ్లో నిలబడ్డట్టే నిలబడి ఉంది.

"నాతోని అయితలేదు పిల్లా" అంది సోమమ్మ. "ఇయ్యాలనే కాదు. నీకు మాటిచ్చినకాంచి ఒక్కనాడు సుత తమ్ముని పేరు దాకా పోలేదు. చెప్తున్నని నీకు అబద్ధమే చెప్పిన."

ఉప్పలమ్మ చేతులు మెల్లగా విడిపోయాయి.

"పన్నెండు దినాలు" అంది.

"పన్నెండు దినాలు."

"ఈయన బువ్వ ముట్టకుంటే నేనేం చెప్పిననో ఎరికేనా? సోమక్క నీ గురించి చేస్తాందయ్యా, నువ్వు లేస్తవు, తిను అన్న. ఆ మాట మీదనే తిన్నడు." చెంగు దోపుకుని బయటికి వెళ్లిపోయింది.

పక్క మంచం దగ్గర కూర్చున్న ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "గంత నిజం చెప్పుడెందుకు చెల్లే? ఇంకో రెండు ముక్కలు గొణిగితే అయిపోవు."

సోమమ్మ మంచం పక్కనే నిలబడిపోయింది. అప్పుడే నర్సు వచ్చి, మంచం పక్కన ఉన్నది చుట్టమే అనుకుని, పేషెంటు చెయ్యి ఆడించమని చెప్పి పోయింది. ఛాతీ మీది నుంచి కమ్మీ దాకా, మళ్లీ ఛాతీ మీదికి. వంద సార్లు.

సోమమ్మ అతని కుడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. తడిసిన నూలు కండెలా బరువుగా ఉంది. ఛాతీ మీది నుంచి మొదటి ఊచకు. వెనక్కి. రెండో ఊచకు. వెనక్కి. ఆమె భుజం గుచ్చింది. మూడో ఊచ దగ్గరికి పోయేసరికి తనకు తెలియకుండానే పెదవులు కదిలాయి. "అరుణ్... వాని కండ్లు ఖరాబు కానియ్యకు." వెనక్కి. నాలుగు. "కోడలు... దాని మనసుల ఏముందో నాకు చెప్తలేదు, నువ్వన్న విను." వెనక్కి. లక్ష్మీనర్సయ్య కళ్లు ఆమె చేతినే చూస్తున్నాయి.

ఆరో ఊచ దగ్గర ఉప్పలమ్మ ముఖం గుర్తుకొచ్చింది. ఆ మాట మీదనే తిన్నడు. సోమమ్మ చెయ్యి ఏడు దాటేసి ఎనిమిదికి పోయింది.

"త... తప్పింది" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"అవును తమ్మీ, తప్పింది." ఆమె ఉలిక్కిపడి అతని చేతిని మొదటి ఊచ దగ్గరికి తీసుకుపోబోయింది. ఆ చెయ్యి రాలేదు. బలమేమీ లేని చెయ్యి, ఆ రెండు వేళ్లతోనే ఆమె చీర కుచ్చెళ్లను పట్టుకుని ఆపింది.

"మొదటి... కెందుకు?" మాట మాటకూ మూతి కష్టపడుతోంది. "తప్పిన... కాడికే."

సోమమ్మ తన ఇంటి వసారాలో ఎంతమంది పిల్లలకు చెప్పిన మాట అది. పక్కింటి మగ్గం గుంటలో కూర్చుని ఈయన ముప్పయ్యేళ్లు విన్నట్టున్నాడు.

చేతిని ఏడో ఊచ దగ్గరికి తెచ్చింది. "ఉప్పలమ్మ" అంది. "దాని ముఖం మీద అబద్ధమాడిన. నన్ను క్షమించు. అదేమన్నా పడత." వెనక్కి. ఎనిమిది. తొమ్మిది. పదో ఊచ దగ్గర సెలైన్ సీసా సంగతి మళ్లీ మనసుకు అడ్డం వచ్చింది. "ఆ సీసా ఎవరిదో, వాళ్లను సుత చూడు" అని ముందుకు పోయింది. కమ్మీకి పదకొండే ఊచలు. చివరి దాని దగ్గర ఆగింది.

"ఇది... ఎవలది?" అన్నాడతను.

"నీదే తమ్మీ. లక్ష్మీనర్సయ్యది." స్తుతీ లేదు, వరసా లేదు. "ఈ చెయ్యి మళ్ల మగ్గం మీదికి రానియ్యి ప్రభువా. ఆలస్యంగ అడుగుతున్న. అడుగుతున్న."

తల తిప్పితే ఉప్పలమ్మ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు.

"ఒక్కటే తెద్దామనుకున్న" అంది కోపం పోని గొంతుతో. "చెయ్యి ఊకోలే." గ్లాసు అందిస్తూ, "మరి నువ్వు అడగకుంటే ఆ వేళ్లెవరు కదిలించిండ్రు?"

"నాకేం ఎరుక. నేనైతే కాదు."

"మీ దేవుడే నువ్వు చెప్పకముందే విన్నడో, మా ఎల్లమ్మనే విన్నదో. ఇద్దరు కొట్లాడుకోకుంటే సాలు." చాయ్ ఊదుకుంది. "నేనైతే ఇంకా మరువలేదు వదినె. చెప్తున్న."

"మరువకు" అంది సోమమ్మ.

మర్నాడు తెల్లవారుజామున ఆమె చాప మీద కూర్చుంది. మనసు కుదురుగా ఏమీ లేదు. మూడో మాటకే గ్యాసు బండ వచ్చింది, దాని వెనకే భుజం నొప్పి, దాని వెనకే ఉప్పలమ్మ అన్న "మరువలేదు". చేతులు ఒళ్లో ఊరికే ఉండలేక మోకాలి నుంచి చాప అంచుకు, చాప అంచు నుంచి మోకాలికి కదిలాయి. తప్పింది, తప్పిన దగ్గరికి వచ్చింది. మళ్లీ తప్పింది. ఎన్ని పేర్ల దాకా పోయిందో ఆమె లెక్క చూసుకోలేదు. లోపల అరుణ్ యంత్రం మీట నొక్కాడు. సగంలో ఉన్న పేరును నోట్లోనే పట్టుకుని, సోమమ్మ నల్గొండ దవాఖానకు పోయే బస్సు అందుకోవడానికి లేచింది.