కొంగల షాటు

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం నేను నాచారంలో సినిమా తీయడం నేర్చుకున్నాను. డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు అప్పుడే అయిపోయాయి. మద్రాసులో చాలా ఏళ్లు కెమెరా పని చేసి వచ్చిన ఒకాయన నాచారం సినిమా స్టూడియో వెనక వీధిలో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని రెండు నెలల తరగతులు పెట్టారు. మాకు ఆయనే సార్. మేం పదకొండు మందిమి. ఆడపిల్లను నేనొక్కదాన్నే.

మా ఇల్లు ఉప్పల్‌లో. మా నాన్నను బాపు అంటాం. బాపు హబ్సీగూడ వైపు ఒక పరిశోధనశాలలో గాజు పని చేసేవాడు. మంట మీద గొట్టాన్ని తిప్పుతూ, ఊదుతూ, సైంటిస్టులు అడిగిన ఆకారానికి తెచ్చే పని. అమ్మ మిషన్ బడిలో టీచరు. "చర్చిల ఎవరన్న అడిగితే నేనేం జెప్పాలె? మా బిడ్డ సినిమాలల్ల చేరిందని జెప్పాల్నా?" అని వారం రోజులు బాపుతో వాదించింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. నా మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ రోజుతో బంద్.

ఆ మాట మనసులో పెట్టుకునే రోజూ సైకిలు తొక్కుకుంటూ వెళ్లేదాన్ని. షెడ్డులో నా కుర్చీ గోడ పక్కన. ఎవరైనా నవ్వితే నా గురించేనేమో అనిపించేది.

వారానికి రెండుసార్లు స్టూడియో నుంచి ఎవరో ఒకరు వచ్చి మాట్లాడేవారు. ఒకరోజు సౌండ్ రికార్డిస్టు వచ్చి మా అందరినీ కళ్లు మూసుకోమని, అయిదు నిమిషాల్లో ఏమేం వినపడ్డాయో రాయమన్నాడు. ఇంకోరోజు ఎడిటర్ ఒక షాటును మూడు చోట్ల కత్తిరించి, మూడుసార్లూ వేరే అర్థం వచ్చేలా చూపించాడు. శనివారాలు షికార్లు. నాచారం గుట్టల మీద పొద్దుటి నీడలు ఎట్లా జరుగుతాయో చూడటం, మూసీ ఒడ్డున గడ్డి కోసేవాళ్ల కదలికలు గమనించడం. కెమెరా ఉండేది కాదు. బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి చతురస్రం చేసి, అందులోంచి చూసేవాళ్లం.

నాకు బాగా వచ్చిన పని ఒకటే, నల్లసంచి. ఫిలింకు వెలుతురు తగిలితే పాడవుతుంది కాబట్టి, డబ్బాలోంచి తీసి కెమెరాకు బిగించే మ్యాగజైను అనే పెట్టెలోకి ఎక్కించడం, వాడినదాన్ని మళ్లీ డబ్బాలో పెట్టడం, అంతా ఆ సంచిలోనే చెయ్యాలి. రెండు పొరల నల్లగుడ్డ, చేతులు దూర్చడానికి రబ్బరు పట్టీల చొక్కాచేతుల వంటివి రెండు. లోపల ఏమీ కనపడదు, వేళ్లే చూడాలి. అమ్మ దగ్గర కుట్టు పని నేర్చుకున్న వేళ్లు నావి. అందరికంటే నేనే త్వరగా చేసేదాన్ని. "అవుట్‌డోర్‌లో లోడింగ్ ఈ అమ్మాయిదే" అన్నారు సార్. వెనక నుంచి ఎవరో, "ఉన్నది ఒక్క డబ్బ. అది గూడ గీమె చేతిల బెడ్తున్రు" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

నిజంగానే ఉన్నది ఒక్క డబ్బా. ఒక షూటింగులో మిగిలిన ముక్క ఫిలిం సార్ బతిమాలి తెచ్చారు. తలా ఒక షాటు తీసుకోవాలి. మే నెలలో ఒక పొద్దున రామంతాపూర్ చెరువుకు వెళ్లాం. ఆఖరి షాటు భువనగిరి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకతనిది. మా అందరికంటే పెద్దవాడు, తక్కువ మాట్లాడేవాడు. నేను 'అన్నా' అని పిలిచేదాన్ని. గట్టు మీద రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. నీళ్లలో పడుకున్న బర్రె లేచింది. దాని చుట్టూ ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. కెమెరా ఆపి మా వైపు తిరిగినప్పుడు అతని మొహం వెలిగిపోతోంది.

నేను తుమ్మచెట్టు కింద కూర్చుని, వాడిన ఫిలింను సంచిలో డబ్బాలోకి మారుస్తున్నాను. మోచేతి పైన చీమ కుట్టింది. ఎర్రచీమ. నిప్పు అంటుకున్నట్టయి, కుడిచెయ్యి దానంతటదే బయటికి వచ్చేసింది. వెంటనే మళ్లీ లోపలికి తోశాను. డబ్బా మూత దొరికింది. కానీ అది డబ్బా మీద లేదు, పక్కన ఉంది.

చుట్టూ చూశాను. అందరూ అన్న చుట్టూ చేరి నవ్వుతున్నారు. నన్నెవరూ చూడలేదు. మూత పెట్టాను, టేపు చుట్టాను. డబ్బాతో పంపే కాగితంలో 'లోడింగ్' అన్న చోట 'సరిగా ఉంది' అని రాశాను.

డబ్బా మద్రాసు ల్యాబుకు వెళ్లింది. రావడానికి మూడు వారాలన్నారు. ఆ మూడు వారాలు నేను అన్నం ముందు కూర్చునేదాన్నే కానీ తిన్నది గుర్తులేదు. చుట్టలో అన్నిటికంటే పైపొర ఆఖరి షాటుది. వెలుతురు పడి ఉంటే ముందు పోయేది అదే. ఒక్క క్షణమే కదా, పడలేదేమో అనుకునేదాన్ని. కాసేపటికి మళ్లీ ఆ మూత పక్కన తగిలిన చల్లదనం వేళ్లకు గుర్తొచ్చేది. ఆ వారాల్లోనే ల్యాబులో పనిచేసిన ఒక పెద్దాయన మాట్లాడటానికి వచ్చాడు. "వెలుతురు తగిలి ఫాగ్ అయిన నెగెటివును దేవుడు కూడా బాగుచెయ్యలేడు" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను గోడను పట్టుకుని కూర్చున్నాను. పైగా అన్న, ఆ షాటును స్టూడియోలో ఒక పెద్ద కెమెరామన్‌కు చూపిస్తే అసిస్టెంటుగా తీసుకుంటాడని ఆశపడుతున్నట్టు తెలిసింది.

ఒక సాయంత్రం బాపు నా పక్కన కూర్చుని, "ఏందిరా బిడ్డా, పానం మంచిగ లేదా? దవాఖానకు పోదామా?" అన్నాడు. నేను ఏడ్చేసి అంతా చెప్పాను. బాపు, తను కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక సైంటిస్టు ఫ్లాస్కు తన చేతిలో పగిలితే, మూడు రోజులు బీరువా వెనక దాచానని చెప్పాడు. "ఆయన మూడు దినాలు దాని కోసం ఎదురు జూసిండు. మొదటి దినమే జెప్తే ఇంకోటి జేసి ఇచ్చేటోన్ని" అన్నాడు. లోపలి గదిలోంచి అమ్మ వింటూనే ఉంది. "ఎవరన్న ఫిర్యాదు జేసిన్రా?" అని అడిగింది. లేదన్నాను. "మరి పొయ్యి నువ్వే జెప్పు" అంది.

మర్నాడు ఉప్పల్ చౌరస్తాలో అన్న బస్సు దిగేదాకా నిలబడ్డాను.

"అన్నా, మీతోని ఒక మాట జెప్పాలె."

జరిగిందంతా చెప్పాను. విన్నాడు. "ఇన్ని దినాలు ఎందుకు జెప్పలే?"

"భయమైంది."

"మా అమ్మకు గూడ జెప్పిన చెల్లె, కొంగలు లేసే సీన్ తీసిన అని." ఆ ఒక్క మాట అని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నేను సైకిలు నడిపించుకుంటూ చాలా వెనకగా వెళ్లాను.

షెడ్డుకు వెళ్లి సార్‌కు కూడా చెప్పాను. ఆయన డబ్బాతో పంపిన కాగితం నకలు తీసి నా ముందు పెట్టారు. "చీమ కుట్టడం నీ తప్పు కాదమ్మా. ఇది రాయడం నీ తప్పు. ఆ రోజు ఇంకా కొంచెం ఫిలిం మిగిలే ఉంది. చెప్పుంటే మర్నాడే మళ్లీ తీసేవాడు." ఆ మిగిలిన ఫిలింతో మేం అంతకుముందే షెడ్డు మెట్ల మీద నిలబడి గ్రూపు షాటు తీసేసుకున్నాం. అందులో నేను కూడా నవ్వాను.

డబ్బా వచ్చాక స్టూడియో చిన్న థియేటరులో వేశారు. ఆ కెమెరామన్ కూడా వచ్చాడు. అందరి షాట్లూ బాగానే వచ్చాయి. ఆఖరిది మొదలైంది. బర్రె లేచింది. కొంగలు రెక్కలు విప్పుతుండగా పక్కనుంచి తెల్లటి మరక వచ్చి, తెరంతా మింగేసింది. లైట్లు వేశారు.

"ఆఖరిది ఎవరిదయ్యా?" అని అడిగాడు కెమెరామన్.

అన్న లేచాడు. "నాదే సార్. ఫాగ్ అయింది." నా పేరెత్తకుండా తెర వైపే చూస్తూ నిలబడ్డాడు.

నేను కూడా లేచాను. "లోడింగ్ నాది సార్. నా వల్లే పోయింది."

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అన్నతో, "ఇంకోటి తీసి చూపించు" అన్నాడు.

సార్ మరో చిన్న ముక్క సంపాదించారు. ఈసారి లోడింగ్‌కు చాలామంది ముందుకొచ్చారు. అన్న వాళ్లను వద్దని, సంచి నా ముందు పెట్టాడు. "నింపుడు నువ్వే నింపు. జర చీమలు జూసి కూసో." అతను నాతో మాట్లాడటం పది రోజుల తర్వాత అదే మొదలు.

జూన్ వచ్చేసరికి చెరువు సగానికి ఎండింది. కొంగలు లేవు. రెండు పొద్దులు ఊరికే కూర్చున్నాం. మూడో రోజు ఒక ముసలాయన మోకాలి లోతు బురదలో చేపల కోసం బుట్ట బోర్లిస్తూ, తీస్తూ నడుస్తున్నాడు. ఎక్కడినుంచో ఒకే ఒక్క కొంగ వచ్చి, ఆయన ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ వెంటపడింది. అన్న అది తీశాడు. నేను సంచిని బండరాయి మీద పెట్టుకుని, చేతులు బయటికి తీసే ముందు మూతను మూడుసార్లు తడిమాను.

అది చూసి కెమెరామన్ అతన్ని అసిస్టెంట్లందరిలో చిన్నవాడిగా తీసుకున్నాడు. డిగ్రీ అయ్యాక నేనూ అదే స్టూడియోకు వెళ్లాను. కెమెరా విభాగంలో ఆడపిల్లను తీసుకునేది లేదన్నారు. ఎడిటింగ్ గదిలో తీసుకున్నారు. చాలా ఏళ్లు నెగెటివులు కత్తిరించాను, ఒక్కటీ పాడుచెయ్యలేదు. అయినా మద్రాసు నుంచి డబ్బా వచ్చిన ప్రతిసారీ, మూత తీసే ముందు దాన్ని మూడుసార్లు తడిమేదాన్ని.