పిండిలో పడిన ఈగ

తొంభైల చివర, రాజోలు దగ్గర మా ఊళ్ళో, మా నాన్నగారు స్నానాల గదిలో జారిపడి పోయారు. పొలాలన్నీ చేజారిపోయినా ఆయన ఇస్త్రీ లేని పంచెతో ఏనాడూ వీధిలోకి వెళ్ళలేదు. నేనూ అలాగే పెరిగాను.

ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన బియ్యప్పిండి పరిచి, తలుపు దగ్గరగా వేయడం మా ఇంటి ఆచారం. పదోనాడు పిండిలో ఏ గుర్తు కనబడితే ఆ జన్మ ఎత్తినట్టు. తాతగారికి ఆవు గిట్ట పడిందని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. నాన్నగారి పిండిలో నువ్వుగింజంత ఈగలు పడి ఉన్నాయి.

"అంత దర్జా చేసేడు మా తమ్ముడు. ఆఖరికి ఈగయ్యేడు," అంది మేనత్త, గుమ్మంలో ఉన్న బంధువులకు వినబడేలా.

"పోనీలెండి," అన్నారు వాళ్ళలో ఒకాయన. "ఇహ పిలుపు లేకపోయినా ఎవరింట్లోనైనా భోంచేయొచ్చండి ఆయన."

అమ్మ ఆ రోజు నుంచి ఇంట్లో ఈగను తోలనివ్వలేదు. అన్నం మీద వాలితే చెయ్యి ఆపి దాన్నే చూస్తూ కూర్చునేది.

నాకు తల కొట్టేసినట్టయింది. అమలాపురం కాలేజీలో జంతుశాస్త్రం చదివినవాణ్ణి. పిండిలోని ఈగను కాగితం మీదికి తీసి భూతద్దం పెట్టాను. పొడుగు ముక్కు లేదు కాబట్టి దోమ కాదు. రెక్కల నిండా నూగు, ముట్టుకుంటే వేలికి బూడిదలా అంటింది. మీసాలు పూసలు గుచ్చినట్టున్నాయి. వెడల్పాటి రెక్కలు చివర మొనదేలి, పెంకుటింటి కప్పులా రెండు పక్కలకీ దిగి ఉన్నాయి. సందేహం లేదు. తూము పాచిలో పుట్టే ఈగ.

అమ్మకు భూతద్దంలోంచి చూపించాను.

"ఇది అన్నం మీద వాలే జాతి కాదమ్మా. తూములో పుట్టి, దీపానికి వచ్చి పిండిలో పడింది. అంతే."

ఆవిడ చాలాసేపు చూసింది. "ఇదివరకు లేవేం?"

"రోజూ నీళ్ళు పోస్తుంటే పాచి కట్టదు. ఇప్పుడా గది ఎవరూ వాడటం లేదు కదా."

"ఎందుకు వాడటం లేదు, నాన్నా?"

ఈగలు చావాలని తూములో పోయడానికి పెట్టిన నీళ్ళు మరుగుతుంటే, బిందె దించి ఆ గదికి తీసుకెళ్ళాను. గోడ మీద నాలుగైదు వాలి ఉన్నాయి, రెక్కలు దించుకుని, కదలకుండా. అమ్మ వెనకే వచ్చి నిలబడింది.

"పోస్తావా?" అంది.

నీళ్ళు చల్లారేదాకా బిందె పక్కనే నిలబడి, తలుపు మూసేశాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బావి దగ్గర, వీధిలో పోయేవాళ్ళకి తల కనబడేటంత పొట్టి కొబ్బరాకు దడి చాటున స్నానం చేశాను.