సేటు పట్టిన స్టీరింగు

నా చిన్నప్పుడు మా నాయన నడిపిన బస్సు పుట్టుకతో బస్సు కాదు, లారీ. బొంబాయి రోడ్డు మీద ఏళ్ల తరబడి బస్తాలు మోసి అరిగిపోయిన ఆ బండిని ఒక సేటు కొన్నాడు. పైన రేకుల డబ్బా కట్టించి, లోపల బెంచీలు వేయించి, ముందు అద్దానికి పూలదండ తగిలించి దానికి బస్సు అని పేరు పెట్టాడు. ఝరాసంగం వైపు ఊళ్ల వాళ్లు జహీరాబాద్ సంతకు పోవాలంటే అదే దిక్కు. పైన ఎంత రంగు పూసినా కింద ఉన్నవి లారీ కమాన్లే. కమాన్లంటే చక్రాల మీద బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్టలు. బస్తాలకు నడుము నొప్పి ఉండదు కాబట్టి లారీగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గానీ, బస్సయ్యాక వెనక బెంచీ వాళ్లు ప్రతి గుంతకూ ఎగిరి తల రేకుకు కొట్టుకునేవారు. స్టీరింగు సంగతి ఇంకా ఘోరం. నాయన దాన్ని పావు వంతు తిప్పేదాకా ముందు టైర్లకు ఆ కబురే అందేది కాదు.

నాయన ఈ సంగతి సేటుకు ఎన్నోసార్లు చెప్పాడు. సేటు చెవిన పెట్టలేదు. తాను బొంబాయి దాకా లారీ నడిపిన మనిషినని, ఒంటి చేత్తో ఘాట్లు దిగానని గొప్పలు చెప్పి పంపేసేవాడు. ఆయన మాత్రం ఆ బస్సులో కాలు పెట్టింది ఎన్నడూ లేదు. తిరగడానికి ఆయనకు జీపు ఉండేది.

ఒక సంత రోజు అల్లం చేను పక్కనున్న వంకర మలుపు దగ్గర బస్సు నాయన మాట వినలేదు. ఎడమ వైపు కమాను పట్టీ పుటుక్కున విరిగింది, బండి అటే గుంజుకుపోయి కాలువలోకి ఒరిగింది. స్టీరింగు ఎదురుతిరిగి కొట్టిన దెబ్బకు నాయన మణికట్టు విరిగింది. ప్రాణాలు పోలేదు, అదే అదృష్టం. కానీ ఒకాయనకు పళ్లు రాలాయి, ఒకామెకు భుజం జారింది. సాయంత్రానికల్లా సేటు టీ హోటలు ముందు నిలబడి అందరూ వినేటట్టు ఒకే ముక్క అన్నాడు. "బండిల ఏం తప్పు లేదు. వాడు పొద్దుగాలనే తాగిండు."

మా నాయన పండక్కి కూడా కల్లు ముట్టేవాడు కాదు. అయినా ఆ మాట ఊరూరా తిరిగింది. ఎముక అతుక్కుంది గానీ పని దొరకలేదు. ఏ ఓనరు దగ్గరికి వెళ్లినా ముఖం చూసి, చేతులు చూసి, చూద్దాంలే అనేవాడు. పళ్లు రాలినాయన భార్య బజారులో మా అమ్మను చూసి ముఖం తిప్పుకుంది. నాయన పగలు కూడా గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. తోటి డ్రైవర్లకు నిజం తెలుసు. తెలిసినా సేటు ముందు నోరు విప్పే ధైర్యం ఒక్కడికీ లేదు. అమ్మా నేనూ మాత్రం సేటును తిట్టకుండా అన్నం తిన్న రోజు లేదు. ఆయన జీపు బోల్తా పడాలని, ఆయన పళ్లు కూడా రాలాలని నేను దేవుడి ముందు దీపం పెట్టి మరీ కోరుకునేదాన్ని. అందుకు నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

ఆ డ్రైవర్లు నోరు విప్పలేదు గానీ, విరిగిన పట్టీని తీగతో కట్టించి సేటు బస్సును మళ్లీ తిప్పబోతే నడపడానికి చుట్టుపక్కల ఒక్కడూ ఒప్పుకోలేదు. బీదర్ వైపు నుంచి తెచ్చిన కొత్తవాడు ఒక్క ట్రిప్పుకే తాళంచెవి సీటు మీద పడేసి పోయాడు. ఇక గత్యంతరం లేక సేటు దాన్ని గొలుసుతో లారీకి కట్టించి, ఊరి బయట ఝరాసంగం బాట మీదున్న షెడ్డుకు చేర్పించాడు. ఆ ప్రాంతంలో పాత లారీల కమాన్లు, స్టీరింగులు తెలిసిన షెడ్డు అదొక్కటే. అది మా పక్కింటి చాచాది.

ఆ సంగతి తెలిసిన వెంటనే అమ్మ నన్ను వెంటబెట్టుకుని చాచా ఇంటికి వెళ్లింది. చాచా గడ్డం గీసుకుంటున్నాడు. అమ్మ కూర్చోలేదు. "అన్నా, ఒక్క నట్టు వదులుగ ఇడిచిపెట్టు. ఒక్కటంటే ఒక్కటి. వాని బండే వాని పానం తియ్యాలె" అంది. ఆ మాట వినగానే నా గుండె సంతోషంతో ఎగిరింది. చాచా నెమ్మదస్తుడేం కాదు, ఆయన నోటికి లారీ ఓనర్లు కూడా జడిసేవారు. ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

చాచా కత్తి పక్కన పెట్టాడు. "చెల్లె, సేటు ఆ బస్సుల ఏనాడన్న కూసున్నడా? కూసునేది నువ్వు, నీ బిడ్డ, సంతకు పొయ్యేటోళ్లు. నట్టు వదులు జేస్తే వానికేమైతది? జీపుల వచ్చి చూసి పోతడు" అన్నాడు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చాచా సబ్బు నురగ ముఖంతోనే నవ్వాడు. "ఫికర్ జెయ్యకు. వానికే తగిలేటట్టు కొడత. రేపు పొద్దుగాల మీ ఆయనను తోల్కొని రా."

చాచా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి తెచ్చిన మనిషి తానే నడిపి చూపించాలి. చాచా రోడ్డు పక్కన నిలబడి చక్రాలు ఎటు పోతున్నాయో, బండి ఏ పక్కకు వాలుతోందో కళ్లారా చూడాలి. అప్పటిదాకా పానా ముట్టేవాడు కాదు. మామూలుగా ఆ పని డ్రైవరు చేస్తాడు. ఇప్పుడు డ్రైవరు లేడు.

మర్నాడు మేం వెళ్లేసరికి షెడ్డు ముందు టీ తాగుతూ బోలెడుమంది డ్రైవర్లు ఉన్నారు. చాచానే కబురు పెట్టి పిలిపించాడని తర్వాత తెలిసింది. చెరకు బండ్ల వాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. సేటు జీపు దిగగానే చాచా ఎదురెళ్లి సలాం చేసి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు. "సేటు సాబ్, బండి తెచ్చింది మీరే గదా. జర ఆ వంకర దాంక పోయి రాండ్రి. బొంబాయి దాంక నడిపినోళ్లు, మీకో లెక్కనా?" అన్నాడు. సేటు అటూ ఇటూ చూశాడు. డ్రైవర్లందరూ చేతుల్లో గ్లాసులు పట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. ఎక్కి కూర్చున్నాడు.

ఖాళీ బస్సు, ఖాళీ రోడ్డు. నడిచే మనిషి కంటే కాస్త వేగంగా, అంతే. అయినా బయలుదేరిన కాసేపటికే బస్సు తాగుబోతులాగా అటూ ఇటూ ఊగడం మొదలైంది. సేటు కుడికి తిప్పితే ఏమీ జరిగేది కాదు. ఇంకా తిప్పితే ఒక్కసారిగా కుడికి దూకేది. ఆయన మోచేతులు పైకీ కిందికీ ఆడుతుంటే వెనక అద్దంలోంచి మాకు కనిపిస్తూనే ఉన్నాయి. వంకర దగ్గరికి రాగానే బస్సు రోడ్డును వదిలేసి నేరుగా అల్లం చేలోకి దిగి, మెత్తటి మట్టిలో కూరుకుపోయి ఆగింది. అందరం పరుగెత్తాం. సేటు చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. స్టీరింగును ఇంకా వదల్లేదు.

చాచా తలుపు తీసి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. "ఏంది సేటు సాబ్, పొద్దుగాలనే తాగినవా?"

ఆ నవ్వులు! అన్ని గొంతులు ఒకేసారి నవ్వడం నేను అంతకుముందు వినలేదు. భయపడి నోరు మూసుకున్న డ్రైవర్లే అందరికంటే గట్టిగా నవ్వారు. నేను ఎగిరి ఎగిరి నవ్వాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ఒక్కడే నవ్వలేదు. బస్సు పక్కన నిలబడి సేటు ముఖంలోకి చూస్తున్నాడు, అంతే. సేటు తల దించుకుని, స్టీరింగు లూజున్నదని ఏదో గొణిగాడు. "నాకెందుకు చెప్తవ్? నాకు ఎర్కనే. ఆయనకు చెప్పు, జర పెద్దగ" అన్నాడు చాచా. సేటు చెప్పాడు. బండిలోనే తప్పున్నదని, నీ మీద లేనిపోని మాట అన్నానని, మా నాయన ముఖం మీదే, అందరూ వినేటట్టు చెప్పాడు. నాయన చివరిదాకా విన్నాడు. వెనక్కి తిరిగి రోడ్డెక్కి నడిచాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన తలెత్తి నడవడం చూశాను.

ఆ తర్వాత చాచా పానా పట్టాడు. అంత పగ తీర్చుకున్న మనిషి పని మాత్రం తన సొంత బండికి చేసుకున్నట్టు చేశాడు. లారీకి బస్తాలు ఎక్కుతాయి, బస్సుకు మనుషులు ఎక్కుతారు అంటూ బండి మెత్తగా ఊగేటట్టు కమాన్ల కట్టలోంచి కొన్ని పట్టీలు తీసేసి, మిగిలినవాటిని కొలిమిలో కాల్చి వంపు సరిచేశాడు. విరిగినదాని చోట కొత్తది వేశాడు. ముందు చక్రాల దగ్గర అరిగిన పిన్నులు, బుష్షులు మార్చాడు. కుదుపు తగ్గడానికి లారీలో అసలు లేని షాకబ్జార్బర్లు బిగించాడు. పాత స్టీరింగు పెట్టె పీకేసి, మంచి లారీది తెచ్చి పెట్టాడు. అమ్మకు అది నచ్చలేదు. వాని బండికి ఇంత సింగారమా అని చాచాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

నాయన ఆ బస్సును మళ్లీ ముట్టలేదు. వేరే ఓనరు పిలిచి లారీ ఇచ్చాడు, బొంబాయి రోడ్డెక్కాడు. సేటు ఎక్కడ జీపు ఆపినా ఎవడో ఒకడు చాటు నుంచి, పొద్దుగాలనే తాగినవా సేటు సాబ్ అని అరిచేవాడు. అలా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను.

వానాకాలం వచ్చింది. మేం ఝరాసంగం వైపున్న అమ్మమ్మ ఊళ్లో ఉండగా, నెలలు నిండిన అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాయన ఎక్కడో లారీ మీద ఉన్నాడు. జహీరాబాద్ దవాఖానకు పోవడానికి ఆ వేళకు ఉన్నది, బాగుపడి మళ్లీ తిరుగుతున్న ఆ సేటు బస్సు ఒక్కటే. అమ్మను వెనక బెంచీ మీద పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టారు. రోడ్డంతా నీళ్లు, గుంతలు. బస్సు ఉయ్యాలలాగా మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. వంకర వచ్చింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బస్సు చక్కగా తిరిగి ముందుకు సాగింది. అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. చాచాను ఏమడిగామో ఇద్దరికీ గుర్తుంది. దవాఖాన చేరిన కాసేపటికే తమ్ముడు పుట్టాడు. చూడడానికి వచ్చిన చాచా చేతుల్లో అమ్మ వాణ్ణి పెట్టి వలవలా ఏడ్చింది.

సేటును అమ్మ బతికినంత కాలం క్షమించలేదు. నేనూ క్షమించలేదు, ఆ ఉద్దేశం కూడా లేదు. పగ పట్టడం నాకు బాగానే వచ్చు, దాన్ని మానుకోమని ఎవరు చెప్పినా వినను. కానీ ఎవరి మీద కోపమో వాళ్ల ముందు నిలబడే తీర్చుకుంటాను, చాటుగా ఏదీ చెయ్యను. చెయ్యాలనిపించిన ప్రతిసారీ ఆ వంకర దగ్గర నా వేళ్లను నలిపిన అమ్మ చెయ్యి గుర్తొస్తుంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది.