పాపమ్మ ప్రోనోటు

చక్రధర్ మంచం పట్టి ఆరు నెలలయింది. జ్వరం లేదు, దెబ్బ లేదు. అన్నానికీ స్నానానికీ లేచేవాడు, అదీ భార్య పద్మజ మూడుసార్లు పిలిస్తే. మిగతా కాలమంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. నలభై నాలుగేళ్ల మనిషి. పదిహేడేళ్లపాటు నరసరావుపేట శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా మిర్చి టిక్కీల, అంటే బస్తాల, లెక్క రాసినవాడు. ఏ రైతు బస్తా ఏ గదిలో ఏ వరసలో ఉందో పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. అలాంటి వాడికి ఇప్పుడు ఇవాళ ఏ వారమో చెప్పడం కష్టంగా ఉంది.

అందరి మిర్చీ రాసీ రాసీ, ఒక్కసారైనా సొంత మిర్చి రాసుకోవాలని ఆశ పుట్టడమే అతను చేసిన నేరం. ఆరెకరాలు కౌలుకు తీసుకుని వేశాడు. పూత మీద నల్ల తామర పురుగు దిగింది. పోయినదాన్ని పూడ్చుకోవాలని మరుసటి ఏడు మళ్లీ మిర్చే వేశాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా అలా చేస్తాడా అని అడగొద్దు. పల్నాట్లో చేలో కాలుపెట్టిన ప్రతివాడూ చేసే పనే అది. అదీ పోయింది. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీ చేతులు మారింది. కొత్త యాజమాన్యం కంప్యూటరు వచ్చిన ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని, చక్రధర్‌కు దండం పెట్టి పంపించేసింది. మిగిలింది తొమ్మిది మంది దగ్గర తొమ్మిది ప్రోనోట్లు, వడ్డీ కాక పదహారు లక్షలు.

కిందటి వినాయక చవితికి నాలుగు రోజుల ముందు అతను ఎవరికీ చెప్పకుండా సాగర్ కాలువ దాకా నడిచిపోయాడు. గట్టు మీద పొద్దుగూకేదాకా కూర్చుని తిరిగొచ్చాడు. ఎందుకు వెళ్లావని పద్మజ అడగలేదు. మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని సర్కారు ఆసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇది సోమరితనం కాదనీ, జబ్బనీ, మందులున్నాయనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పటినుంచి మాత్రలు మింగుతున్నాడు. రాత్రులు నిద్ర పడుతోంది, అన్నం కాస్త లోపలికి పోతోంది. పద్మజ కుట్టుమిషను మీద ఇల్లు నడుస్తోంది. లేవడం మాత్రం ఇంకా అతని వల్ల కావడం లేదు.

ప్రోనోటు సంగతి తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి. స్టాంపు మీద సంతకం చేసిన ఆ కాగితానికి ఆయుష్షు మూడేళ్లే. ఆలోగా అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత, పది రూపాయలైనా సరే, ఇచ్చి కాగితం వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెట్టాలి. పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. చెల్లూ పడక, అప్పిచ్చినవాళ్లు కోర్టుకూ ఎక్కకపోతే ఆ నోటుకు కాలదోషం పడుతుంది. అది ఇక చిత్తుకాగితం. పిల్లల పుట్టినరోజులు మరిచిపోయే తండ్రులు పల్నాట్లో ఎందరైనా ఉన్నారు గానీ, నోటు తారీకు మరిచినవాడు ఒక్కడుంటే చూపించండి.

తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఎవరి తారీకుకు వాళ్లు వచ్చారు. కొందరు అరిచారు, ఒకావిడ ఏడ్చింది, ఒకాయన టీవీ పట్టుకుపోయాడు. అందరూ మంచం దగ్గరే చెల్లు రాయించుకుని వెళ్లారు. గేటు గడియ చప్పుడైతే చాలు, చక్రధర్ దుప్పటి తలమీదికి లాక్కునేవాడు. రానిది పాపమ్మ ఒక్కతే.

పాపమ్మ అరవై దాటిన మనిషి. ఆ కోల్డ్ స్టోరేజీ ఆవరణలోనే మిర్చికి తొడిమలు తీసే ఆడకూలీల ముఠాకు మేస్త్రి. ముప్పై మంది ఆడవాళ్లు ఆమె చెయ్యెత్తితే లేచి, చెయ్యి దించితే కూర్చుంటారు. రేకుల ఇంటికి స్లాబు వేసుకోవాలని పదేళ్లు కూడబెట్టిన లక్షా ఇరవై వేలు, కోత కూలీలకు ఇవ్వలేక తల పట్టుకున్న చక్రధర్ చేతిలో పెట్టింది. అది రెండువేల ఇరవై రెండు, మార్చి పంతొమ్మిది.

ఈ మార్చి మొదట్లో పద్మజ తమ్ముడు హనుమంతరావు వచ్చాడు. రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసుకునే మనిషి. కోర్టు మాటలన్నీ అతని నాలుక చివరే ఉంటాయి.

"బావా, ఒక మంచిమాట చెప్తా ఇను. పాపమ్మ నోటుకి పంతొమ్మిదితో మూడేళ్లు నిండుతయ్యి. ఇంక పదకొండు రోజులు. నువ్వేం చేయబాకు. ఇట్టనే పడుకో. ముసల్దానికి తారీకు మతికి లేనట్టుంది. ఇరవయ్యో తారీకు పొద్దున్నకి లక్షా ఇరవై, దాని మీద మూడేళ్ల వడ్డీ, అన్నీ గాల్లో కలిసిపోతయ్యి."

ఆరు నెలలుగా లే, లే అని అందరూ పోరుపెడుతుంటే, పడుకోవడం కూడా ఒక పనే అని చెప్పినవాడు ఇతనొక్కడు. చక్రధర్ తల ఊపాడు. కానీ ఆ మాట పురుగై తొలిచింది. పాపమ్మకు తారీకు మతికి లేకపోవడమా? ముప్పై మంది కూలి, ఎవరు ఏ రోజు రాలేదో, ఎవరికి ఎంత బాకీయో, చదువు లేకుండానే నాలుగు నెలలది నోటితో అప్పజెప్పే మనిషి. పుస్తకంలో తను తప్పు రాస్తే ఎన్నిసార్లు దిద్దించిందో అతనికి తెలుసు. మరి ఎందుకు రాలేదు? తనను మనిషి లెక్కలోంచి తీసేసింది కాబోలు అనుకున్నాడు. చచ్చినవాడి దగ్గర చెల్లు ఎవరు రాయించుకుంటారు? ఆ ఆలోచన ఎనిమిది మంది అరుపులకన్నా లోతుగా దిగింది.

పదిహేడో తారీకు మధ్యాహ్నం రజియా అనే అమ్మాయి జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. పాపమ్మ ముఠాలో పిల్లే. గేటు గడియ చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టి తీసి, మళ్లీ అలాగే వేసి లోపలికొచ్చింది. కొలతలు తీసుకుంటూ పద్మజ మామూలుగా అడిగింది.

"మీ మేస్త్రి బాగుందా? ఇటు రావడమే మానేసింది."

"బాగానే ఉంది వదినా." రజియా గొంతు తగ్గించింది. తగ్గించినా గోడ అవతల మంచం మీదికి ప్రతి మాటా వినబడింది. "రాననుకుంది. అన్న కాలవ కాడికి పోయొచ్చాడని తెలిసిన రోజే మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఇంటి గడియ ఎవురూ కొట్టొద్దు, కొడితే ముఠాలోంచి తీసేస్తానంది. నోటు పోద్దక్కా అని నేను కాళ్లు పట్టుకున్నంత పని చేశా. ‘పోతే పోద్ది. నేను పోయి గడియ కొట్టిన రోజునే ఆ మనిషికేమన్నా అయితే, ఇంక ఆ స్లాబు కింద నాకు నిద్ర పట్టుద్దంటే?’ అంది. పొద్దున లేస్తే రోజులు లెక్కబెట్టుకుంటది. అన్నం కూడా సరిగ్గా తినడంలా."

పద్మజ ఆ కొలత మళ్లీ మొదటినుంచి తీసింది.

చక్రధర్ లేచి కూర్చున్నాడు. ఆరు నెలల్లో ఎవరూ పిలవకుండా లేచి కూర్చోవడం అదే మొదటిసారి. అతనికి ఏడుపు రాలేదు. అతను చదువుకున్నవాడు, లెక్కలు తెలిసినవాడు. ఏ లెక్కలోనూ ఇది ఎక్కదు. పదేళ్లు మిర్చి ఘాటులో దగ్గుతూ, వేళ్ల సందుల్లో మంటలు పుట్టగా పోగేసిన డబ్బు. ఒక్కసారి గేటు దగ్గరికొచ్చి పిలిస్తే చాలు, అది నిలబడుతుంది. ఆ ఒక్క పిలుపు తను తట్టుకోలేనేమోనని ఆమె పిలవలేదు. తనకే తన ప్రాణం మీద విలువ లేని ఈ ఆరు నెలలూ, ఊరి అవతల రేకుల ఇంట్లో ఒక ముసలామె దానికి అంత ఖరీదు కడుతూ కూర్చుంది. ముప్పై మంది ఆడవాళ్లు నోరు మెదపకుండా ఆ మాట కాపాడారు. ఇదంతా తన గోడకు అవతలే జరిగింది. అతనికి ఊపిరి తీసుకోవడం కూడా మొరటుపనిలా అనిపించింది.

మర్నాడు చొక్కా వేసుకున్నాడు. గేటు దాకా, అక్కణ్నుంచి సందు మొగ దాకా వెళ్లాడు. అక్కడ ఎవరో తెలిసిన మనిషి స్కూటరు ఆపబోయేసరికి వెనక్కి తిరిగొచ్చి, గోడవైపు పడుకున్నాడు. పద్మజ చొక్కా విప్పమనలేదు. అలాగే పడుకోనిచ్చింది.

పంతొమ్మిదో తారీకు పొద్దున మాత్ర వేసుకుని మళ్లీ బయల్దేరాడు. పద్మజ మిషను సొరుగులోంచి రెండు యాభై నోట్లు తీసి అతని జేబులో పెట్టి, పెన్ను కూడా పెట్టింది. సందు మొగలో హనుమంతరావు ఎదురయ్యాడు. ఆఖరి రోజు కదా, కాపలాకు వచ్చాడు.

"యాడికి బావా?"

"చెల్లు రాయడానికి."

"పిచ్చేమన్నా పట్టిందా నీకు? ఒక్క పూట! ఒక్క పూట పడుకోలేవా? ఇంత చేసి..."

"పడుకోలేనురా," అన్నాడు చక్రధర్. తన నోటివెంట ఆ మాట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయాడు. హనుమంతరావు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, అతను నడుస్తూనే ఉన్నాడు.

రెండు కిలోమీటర్లు. మూడుచోట్ల కూర్చున్నాడు. ఒకచోట షాపు అరుగు మీద కూర్చుని, ఇంక చాలు, తిరిగిపోదాం అని లేచి, లేచాక మాత్రం ముందుకే నడిచాడు. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది. లోపల ఆవరణంతా మిర్చి పోసి ఉంది. పదిహేడేళ్లు రోజూ చూసిన ఎరుపే. ఆరు నెలలు సున్నపు గోడను చూసిన కళ్లకు అది భరించలేనంత ఎర్రగా ఉంది. ఘాటుకు ముక్కు మండి తుమ్ములొచ్చాయి. ఆ తుమ్ములకు కొంగులు ముక్కులకు కట్టుకున్న ముప్పై తలకాయలు ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

ఎవరూ పలకరించలేదు. కట్టడి అలాంటిది. తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పాపమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, ముక్కుకు కట్టిన కొంగు విప్పుకుంటూ వచ్చింది. ఎదురుగా నిలబడి కిందనుంచి పైదాకా చూసింది.

"ఏంది అబ్బాయా, ఇట్టయిపోయావు? ఎండలో నడిచొచ్చావా? ఎవురన్నా తోడొచ్చారా?"

"నోటు ఎక్కడుంది పెద్దమ్మా? ఇంటికి పోయి తెద్దాం పద."

ఆమె చెట్టుకు తగిలించిన టిఫిను సంచి దగ్గరికి పోయింది. గిన్నె కిందనుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. నోటు అందులోనే ఉంది.

"ఇవ్వాళ ఆఖరి రోజు గదా. ఇంటికాడ ఒక్కదాన్నే ఉంచి రాబుద్ది గాలా. తెచ్చుకున్నా." ఆ మాట అనేసి, అలా అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టుంది, గొంతు పెంచింది. "నేనేం ధర్మాత్మురాల్నని అనుకోబాకు. తిట్టుకున్నా నిన్ను. చానా తిట్టుకున్నా. నాకు స్లాబు కావాల. రాస్తానంటే వద్దన్ను. రాయి."

చక్రధర్ బస్తా మీద కాగితం పరిచాడు. పాపమ్మ తన చేత్తో కాగితం అంచు నొక్కి పట్టుకుంది. ఏళ్ల తరబడి మిరపకాయలు వలిచి గోళ్లు నల్లబడ్డ చెయ్యి. అతను రాశాడు: ఈ దిగువన సంతకం చేసిన నేను ఈ రోజు ఈ నోటు బాపతు రూపాయలు వంద మాత్రం చెల్లించి, చెల్లు వేయడమైనది. సంతకం పెట్టి, తారీకు వేశాడు. రెండు యాభై నోట్లు ఇచ్చాడు. లక్షా ఇరవై వేలకు వంద. పాపమ్మ నవ్వలేదు. రెండు నోట్లూ వెలుతురుకు పట్టి చూసి రవికలో దోపుకుంది.

"చదువు," అంది.

చదివాడు. ముప్పై మందీ విన్నారు.

"ఇంక మళ్లీ ఎప్పుడు రాయాల ఇది?"

"ఎప్పుడన్నా రాయొచ్చు పెద్దమ్మా. గడువు మూడేళ్లు."

"మూడేళ్లంటే ఎప్పటికి? తారీకు జెప్పు. నాకు చదువు రాదు గదా, నోటితో చెప్తే గుర్తుంటది."

ఆమెకు ఆ లెక్క తనకన్నా బాగా తెలుసని చక్రధర్‌కు తెలుసు. అయినా చెప్పబోయి ఆగిపోయాడు. చాలా రోజులుగా అతని బుర్ర రేపటి పొద్దుటి దాకా కూడా పోవడం లేదు. డాక్టరమ్మ వచ్చే నెల ఏం చేద్దామనుకుంటున్నావని అడిగితే నేల చూపులు చూసి ఊరుకున్నాడు.

పాపమ్మ కదల్లేదు. కాగితం అంచు వదల్లేదు. ఆవరణలో ఎవరో ఘాటుకు దగ్గి, దగ్గు ఆపుకున్నారు.

"రెండువేల ఇరవై ఎనిమిది," అన్నాడు చివరికి, "మార్చి పంతొమ్మిది."

"ఆ రోజుకి నువ్వుండాల," అంది పాపమ్మ. "సంతకం పెట్టావు."

నోటును మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి మడిచి, అతనికి నీళ్లు తెమ్మని రజియాను కేకేసింది.