చొక్కా జేబులో ఫీజు

మా ఆయన కరెంటు పని చేసేవారు. చాలా ఏళ్లు లైసెన్సు లేకుండానే చేశారు, తర్వాత పరీక్ష రాసి తెచ్చుకున్నారు. ఫొటో అంటించిన ఆ చిన్న పుస్తకంలో ఏముందో చదవడం నాకు రాదు. అది వచ్చాక మనిషి మారారు, అంతే తెలుసు. కొత్త ఇంటికి మీటరు కావాలంటే ఆయన సంతకం కావాలి. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు సరిగా వెయ్యలేదని సొంత అన్నగారికే సంతకం పెట్టలేదు. ఆ ఇంటితో ఇప్పటికీ మాకు మాటల్లేవు.

ఇంకో అలవాటు ఉండేది. లైను ముట్టుకునే ముందు ఫీజు పీకి చొక్కా జేబులో వేసుకునేవారు, ఎవరూ తెలియక మళ్లీ పెట్టెయ్యకుండా. తెల్ల పింగాణీది, బరువు. జేబులు చిరిగిపోతుంటే పాత ప్యాంటు గుడ్డతో నేనే రెండో పొర వేసి కుట్టేదాన్ని.

ఐ.పోలవరం అవతల ఒక రొయ్యల చెరువు ఆసామి ఆయన్ని ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

“ఏమండీ మేస్త్రీగారూ, మా ఫీజు మీ ఇంటికి పట్టుకుపోతారా ఏంటండీ?”

“ఆయ్, పనయ్యేదాకా ఇది మీది కాదండీ, నాది.”

ఆ చెరువు దగ్గరే పోయారు. నీళ్లు తిప్పే ఏరేటర్లు ఆగిపోతే వైరు బాగుచేయడానికి వెళ్లారు. రొయ్యలు చచ్చిపోతాయని ఆసామి ఆగలేక జనరేటర్ వేశాడు. ఆ కరెంటుకి ఫీజుతో పని లేదు. వైరు ఆయన చేతిలోనే ఉంది. పక్క చెరువు కాపలా మనిషి ఈ సంగతి నాకు చెప్పాడు. తర్వాత అడిగితే “నేను చూళ్లేదమ్మా” అన్నాడు.

ఆసుపత్రిలో బట్టల మూట నా చేతిలో పెట్టారు. తడిమితే జేబులో ఫీజు తగిలింది. దినాల్లో ఆ బట్టలు కాలువలో వదిలేటప్పుడు మా అత్తగారు “జేబులో ఏదో ఉందే, తియ్యి” అన్నారు.

“ఉండనివ్వండి అత్తయ్యగారూ, ఆయనకి అది లేందే చెయ్యి కదలదు” అన్నాను. మునిగిపోయింది.

ఆ తర్వాత కరెంటు ప్రమాదాలు చూసే ఆఫీసరు చెరువు దగ్గరికి విచారణకి వచ్చారు. తప్పు మా ఆయనది కాదని కాగితం మీద రాస్తే చాలు, నాకింకేమీ అక్కర్లేదు అనుకుని వెళ్లాను. చూస్తే చెరువు బోర్డులో ఫీజు ఉంది. కొత్తది.

“ఫీజు తియ్యకుండా చెయ్యి పెట్టేరండీ” అన్నాడు ఆసామి.

“తీసేరండీ. ఆయన జేబులో ఉందండీ” అన్నాను.

“చొక్కా ఏదమ్మా?” అన్నారు ఆఫీసరు.

“కాలువలో వదిలేసేనండీ.”

ఆఫీసరు కాగితం తీసి, “లైసెన్సు లేనివాడైతే తెలియక చేసేడనుకుందుం. ఇతను అన్నీ తెలిసిన మనిషి కదమ్మా” అన్నారు. తప్పు మా ఆయనదేనని రాశారు. చదివి వినిపించి, కింద నా పేరు రాయమన్నారు. నాకు రాయడం వచ్చింది అదొక్కటే. రాశాను.

వేసవిలో నీళ్లు ఆపి కాలువ కట్టేసినప్పుడు దిగి బురద తవ్వాను. ఎవరెవరివో బట్టలు, సీసాలు దొరికాయి. గట్టు మీద నుంచి ఒకావిడ “ఏం పారేసుకున్నావమ్మా?” అంది.

“ఫీజండీ.”

నవ్వింది. “కొట్లో కొత్తది దొరుకుద్ది కదమ్మా!”

దొరుకుతుంది. ఆయనది ఈ బురదలో దొరికి, నేను పట్టుకెళ్లి చూపించినా ఆఫీసరు ఆ మాటే అంటారు. కాళ్లు కడుక్కుందామంటే కాలువలో నీళ్లు లేవు.