రాజు వచ్చే దరువు

కోడుమూరు నుంచి ఆలూరుకు దారి ఎట్లాగని అడిగితే లేవి తడుముకునేవాడు. గోల్డుకోస్టు మాత్రం అతనికి కొట్టినపిండి. సముద్రాల అవతల, ఆఫ్రికా పడమటి ఒడ్డున ఉన్న ఆ దేశంలో అతను ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా ఏ సీమవాళ్లు ఏ వాద్యం వాయిస్తారో, చావుకు ఏ దెబ్బో, పండగకు ఏ దెబ్బో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. ఎర్రవంక ఊళ్లో వినీ వినీ అతనికి గోల్డుకోస్టు లేవి అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. లేవి విషయంలో ఆ సామెత కూడా అబద్ధమే అయింది.

యుద్ధం రోజుల్లో కరువుకు తాళలేక అతను పటాలంలో చేరాడు. తుపాకి ఇవ్వలేదు, పార ఇచ్చారు. బర్మా సరిహద్దున అరకాన్ అడవుల్లో రోడ్లు వేసే పని. ఆ అడవులకే గోల్డుకోస్టు నుంచి నల్ల సిపాయిలు వచ్చారు. వాళ్లలో తలమీద సామాన్లు మోసే క్వాసి అనేవాడు, ఒక సాయంత్రం లేవి ఖాళీ బిస్కెట్ల డబ్బా మీద దరువు వేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. పక్కన అంటే మోకాలికి మోకాలు తగిలేలా. లేవి పుట్టి బుద్ధెరిగాక పరాయివాడెవడూ అతని పక్కన అట్లా కూర్చోలేదు. అలవాటు కొద్దీ ఎడంగా జరిగాడు. క్వాసీ జరిగాడు. ఇద్దరూ జరిగి జరిగి గుడారం గుంజ దాకా పోయారు. ఇంక జరగడానికి చోటు లేక స్నేహితులయ్యారు.

వాళ్లకు ఉమ్మడిగా ఉన్నవి నాలుగు ఇంగ్లీషు ముక్కలూ, నాలుగు హిందుస్తానీ ముక్కలూ. మిగిలిందంతా డబ్బా మీదే నడిచింది. క్వాసి పుల్లతో నేలమీద తన దేశాన్ని గీసేవాడు. పైన ఉత్తరాన ఎండిన నేల, జొన్న పండే నేల. అక్కడి వాయిద్యగాళ్లు నడుం సన్నటి డోలును చంకలో ఇరికించుకుని, తాళ్లను మోచేత్తో నొక్కుతూ దాని గొంతు మారుస్తారు. రాజుల తాతముత్తాతల పేర్లు వాళ్ల నోట్లోనే ఉంటాయి. ఒంటి తీగ ఫిడేలు కూడా వాళ్లదే. కింద సముద్రపుటొడ్డున బెస్తవాళ్లు వల లాగుతూ పాడతారు. నడుమ అడవిసీమ క్వాసిది. అక్కడ ఇంత ఎత్తు జంట డోళ్లుంటాయి, అవి మాటలాడతాయి. ఎవరొచ్చారో, ఎవరు పోయారో, ఊరు ఎందుకు కూడాలో డోలు చెబితే జనం వింటారు. ఉత్తరపు నేల గురించి విన్నప్పుడు లేవికి మన ఊరి బీళ్లే కళ్లముందు కనిపించేవి.

ఒకనాడు క్వాసి, రాజు బయటికి వచ్చేటప్పుడు కొట్టే దరువు నేర్పాడు. నిదానంగా, బరువుగా, అడుగు తీసి అడుగు వేసినట్టు సాగే దెబ్బ. అది వాయించేటంతసేపూ వాయించేవాడి ఒంటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదట, ఎంతటి పెద్దవాడైనా. రాజుకు దగ్గరలోనే అతని చోటట. లేవికి అది నమ్మడానికి చాలా రోజులు పట్టింది. "మా ఊళ్లోనూ మమ్మల్ని ఎవురూ ముట్టుకోరు" అని చెప్పి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. క్వాసికి అర్థం కాలేదు, అర్థమయ్యేలా చెప్పడానికి లేవికి సిగ్గేసింది.

యుద్ధం ముగిసి ఊరికి వచ్చేసరికి పేట మారిపోయింది. ఊరి బయటి ఆ పేటవాళ్లంతా ఎప్పుడో క్రైస్తవులైనా, ఊళ్లో పెద్దమ్మకు చేసే దేవర జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన గొడ్లను లాగడం తప్పలేదు. పేట చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి ప్రకాశం దాన్ని మాన్పించడానికి పూనుకున్నాడు. ఆయన తండ్రి కూడా ఆ పేటలో డప్పు కొట్టినవాడే. "మేము విశ్వాసులం, ఇంక దేవరకు కొట్టం" అని ఊరికి చెప్పించాడు. ఊరు ఊరుకుంటుందా? కూలికి పిలవలేదు, బీట్లో మేకలను కాలు పెట్టనివ్వలేదు. పేట గంజి తాగి, గంజి లేనినాడు నీళ్లు తాగి పట్టు విడవలేదు. చివరికి ఊరి రెడ్డి లింగారెడ్డి ఒక మాట మీద దిగివచ్చాడు. దేవరకు కొట్టని చెయ్యి దేనికీ కొట్టకూడదు, పేటలో డప్పు వినపడకూడదు. ప్రకాశం సరేనన్నాడు. డప్పులన్నీ పేట ప్రార్థన గుడి ముందు కుప్పపోసి కాల్చారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. లేవి తన డప్పును గోనెసంచిలో చుట్టి అటక మీద దాచాడు. భార్య జీవమ్మకు ఒక్కదానికే తెలుసు. ఇల్లు మూసుకుని దాన్ని పొయ్యి సెగకు కాచి, వేలికొసలతో వాయించుకునేవాడు. బయటికి వినపడేది కాదు. అతను కోరుకున్నది పెద్దదేమీ కాదు. ఎవడి పిలుపుకూ పోకుండా, ఎవడి ముందూ నిలబడకుండా, తన డప్పును తనవాళ్ల నడుమ కూర్చుని ఒక్కసారి గట్టిగా కొట్టుకోవాలి. అంతే.

ఆ మాటే ప్రకాశంతో అన్నాడు. "అరకాన్లో క్వాసి వాళ్లు డోళ్లు కొట్టుకుంటానే ప్రార్థన చేసిరి ఉపదేశీ. దేవుడేమీ అనలేదు. మన గుడిలో మనం కొట్టుకుంటే ఏమి?"

ప్రకాశం కోపపడలేదు. "లేవన్నా, వాళ్లకు ఆ డోలు రాజు కాడ కూసోని కొట్టేది. మా నాయన యాడ కొట్టినాడు? పెంటకుప్ప కాడ నిలబడి కొట్టినాడు. ఆ సప్పుడు ఇంటే నాకు దేవుడు గుర్తుకు రాడు, లింగారెడ్డి నాయన చెప్పులు గుర్తొస్తాయి. శానా కష్టపడి ఇడిపించుకున్న్యాం. మళ్లా తేవద్దు."

లేవికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అబద్ధమైతే ఇంత నొప్పి ఉండేది కాదు.

రాజధాని కర్నూలుకు వచ్చిందీ, మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు పోయిందీ. అంటరానితనం నేరమని చట్టం కూడా వచ్చింది. అది కోడుమూరు టీకొట్టు దాకా రాలేదు. యాభై ఏడు మార్చిలో లేవి ఆ కొట్టు బయట, తనవాళ్లకు వేరుగా పెట్టిన గ్లాసుతో నిలబడి ఉండగా, లోపల ఎవరో పేపరు పైకి చదువుతున్నారు. గోల్డుకోస్టుకు స్వాతంత్ర్యం వచ్చింది, ఇకమీదట దాని పేరు ఘనా. చదివినవాడు పేజీ తిప్పి పత్తి ధరలకు పోయాడు. లేవి సగం తాగిన గ్లాసును కింద పెట్టేశాడు. మన స్వాతంత్ర్యం వచ్చినరోజు కూడా అతను అంత సంతోషపడలేదు. ఆ రోజు పేటకు పని కూడా లేదు మరి.

ఇంటికి పరుగున వచ్చి డప్పు దించాడు. వాకిట్లో చొప్ప మంట వేసి కాచడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, మతి పోయిందా? పొద్దుండగానే, అదీ వాకిట్లో" అంది జీవమ్మ.

"క్వాసి వాళ్ల దేశం వాళ్లకొచ్చింది. ఈ పొద్దు ఆడ ఎట్ల కొడ్తాంటారో నీకు తెలీదు జీవమ్మా. ఒక్క తూరి కొట్టనీ."

ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలు చెప్పింది ఇట్లాంటి వేళకే. లేవి ఊరుకోలేదు. పీట వేసుకుని దర్జాగా కూర్చుని రాజు వచ్చే దరువు ఎత్తుకున్నాడు. తొలి దెబ్బకు పేట ఉలిక్కిపడింది. రెండో దెబ్బకు తలుపులు తెరుచుకున్నాయి. ముసలివాళ్లకు కాళ్లు ఆగలేదు, ఆడవాళ్లు కొంగు బిగించి అడుగు వేశారు. ఏ ఊరి దెబ్బ ఇది అని ఒకరు అడిగితే, "ఎవురికీ ఊడిగం చేయని దెబ్బ" అన్నాడు లేవి. అతని జీవితంలో అంతకు మించిన సాయంత్రం లేదు. అది ఎంతసేపు? మంట ఆరి, డప్పు చల్లబడేలోపే ఊరి తలారి సుంకప్ప వచ్చి నిలబడ్డాడు.

పొద్దున చావడి ముందు ఎండలో పేటంతా నిలబడింది. లింగారెడ్డి అరుగు మీద కూర్చుని తమలపాకుకు తీరిగ్గా సున్నం రాస్తున్నాడు. అరిచే రెడ్డయితే అంత భయం ఉండదు, ఈయన నవ్వే రకం.

"ఏమప్పా ఉపదేశీ, మతం అడ్డమొస్తాండాదంటే సరేనంటిమి. మా పెద్దమ్మకు కొట్టని చెయ్యి యాడనో నల్లోళ్ల రాజుకు కొట్టొచ్చునా? మీ బైబిల్లో రాసుండాదా?"

ప్రకాశం తల దించుకున్నాడు. ఆకలితో, అవమానంతో సంపాదించినదంతా ఒక్క సాయంత్రం దరువులో కొట్టుకుపోయింది.

"మాట తప్పింది మీరు. ఉగాది దాటినాంక దేవర. పేటంతా వచ్చి కొట్టాల. లేదంటే బీడూ లేదు, కూలీ లేదు."

లేవి ముందుకు వచ్చాడు. "తప్పు నాది సామీ. వాళ్లకు డప్పే లేదు. నేనొక్కణ్ణే కొడ్తా, బతికినన్నాళ్లూ కొడ్తా. వాళ్లను ఇడ్సండి."

రెడ్డి కాసేపు ఆకు నమిలి సరేనన్నాడు. పదిమందిని మెడపట్టి తెచ్చుకోవడం కంటే, కాళ్ల దగ్గరికి తానే వచ్చినవాడు ఒకడున్నా ఊరికి చాలు.

పేటను కాపాడానని లేవి అనుకున్నాడు. పేట అట్లా అనుకోలేదు. తర్వాతి ఆదివారం గుడిలో రొట్టె పంచేటప్పుడు ప్రకాశం అతని దగ్గర ఆగకుండా పక్కవాడికి ఇచ్చాడు. విగ్రహానికి కొడతానని ఒప్పుకున్నవాడికి ప్రభువు బల్లలో పాలు లేదు, అది సంఘం కట్టుబాటు. ఇస్తే ఊరూ నవ్వుతుంది, సంఘమూ చీలుతుంది. ప్రకాశం కళ్లలో నీళ్లు తిరిగాయి, చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. కొరివితో తల గోక్కున్నది తనే కాబట్టి లేవి ఎవరినీ ఏమీ అనలేకపోయాడు. జీవమ్మ తన చేతిలోని రొట్టె తినకుండా కొంగున ముడేసుకుని, మొగుడి వెంట లేచి వచ్చేసింది.

దేవర నాడు లేవి ఒక్కడే డప్పు వేసుకుని ఊళ్లోకి పోయాడు. పెద్దమ్మ గుడి దాకా ఊరి పాత దెబ్బే కొట్టాడు. చేతులు కొడుతున్నాయి, మనసు ఎక్కడా లేదు. అంతలో లింగారెడ్డి కొత్త పంచె కట్టుకుని, చుట్టాలతో ఇంట్లో నుంచి బయటికి వచ్చి మెట్ల మీద ఆగాడు.

"రే లేవీ, ఆ పొద్దు కొడ్తివే, ఆ సీమ దెబ్బ. రాజు వచ్చేటప్పుడు కొడ్తారంట కదా. నేను వస్తాండా, కొట్టు."

చుట్టాలు నవ్వారు. లేవి చెయ్యి డప్పు మీద ఆగిపోయింది. వెనక ఎక్కడో పేట ఉంది, పేట మేకలు బీట్లో మేస్తున్నాయి. అతను దరువు ఎత్తుకున్నాడు. నిదానంగా, బరువుగా, అడుగు తీసి అడుగు వేసినట్టు. ఆ దెబ్బకు సరిగ్గా అడుగు కలుపుతూ లింగారెడ్డి మెట్లు దిగి, వీధి పొడుగునా గుడి దాకా నడిచాడు. ఆయనకు ఎదురుగా లేవి వెనక్కు వెనక్కు నడుస్తూ, కొడుతూ పోయాడు. తప్పు దెబ్బ ఒక్కటైనా వేయాలనుకున్నాడు. అలవాటు పడిన చెయ్యి వేయనివ్వలేదు.

గుడి దగ్గర రెడ్డి సంతోషపడి, భుజం మీది తువాలు తీసి దూరం నుంచే విసిరాడు. అది దుమ్ములో పడింది. లేవి వంగి తీసుకున్నాడు.

"దరువు బాగుండాదిరా. ఇంక ప్రతి దేవరకూ నేను వచ్చేటప్పుడు ఇదే కొట్టు" అన్నాడు రెడ్డి.

"సరే సామీ" అన్నాడు లేవి.