పటంలో పండిన చేను

మా మేనత్త పోయిందన్న కబురు పోయిన వారం, హిందూపురంలో నేను ఆఫీసుకు బయల్దేరుతుండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆమె చేను పక్కన మల్బరీ తోట వేసుకున్న సాయిబు. చిన్నప్పటినుంచీ ఆయన్ని మామా అనే పిలుస్తాను. "మీ అత్త పోయిందప్పా. పొద్దున లేసి పొయ్యి ముట్టించి, గోడకు ఆనుకోని కూచునిందంట, అంతే. బిన్న రా" అన్నాడు. తొందరగా వస్తానని ఫోన్ పెట్టేసి మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. రెండేళ్ళుగా ఆ ఇంటికి పోవాలంటే నాకు భయం. ఆ భయం ఎందుకో మీకు చెప్పకుండా అత్తను తలచుకోవడం నాకు చేతకాదు.

పెనుకొండకు దగ్గర్లో ఒక పల్లె ఆమెది. నా హైస్కూలు చదువంతా ఆమె పెట్టిన ముద్ద తిని చదివిందే. పిల్లల్లేరు, మామ తొందరగా పోయాడు, మిగిలింది మూడెకరాల మెట్ట. అందులో వేరుశెనగ తప్ప ఇంకో పంట ఎరగదు. ఎండాకాలమంతా గడప దగ్గర కూర్చుని, చేట ముందు పెట్టుకుని విత్తనం కాయలు ఏరేది. మంచి కాయ ఒక్కటి కూడా నన్ను నోట్లో వేసుకోనిచ్చేది కాదు. "విత్తనం తిన్నోడు వచ్చే ఏడు మన్ను తింటాడు" అనేది. తను మాత్రం మన్ను నిజంగానే నోట్లో వేసుకునేది. చేనికి పోతే చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని, కాసేపు చప్పరించి, తుపుక్కున ఊసి, ఆ ఏడు ఎరువు ఎన్ని బండ్లు తోలాలో చెప్పేది. నేను నవ్వితే నా నోట్లోనూ పెట్టేది. ఆమె దగ్గర అతి తెలివి చూపిస్తే దక్కేది అదే.

కృష్ణ నీళ్ళు కాలువలో మా వైపు వచ్చిన రోజు ఆమె పసుపు, కుంకుమ, టెంకాయ తీసుకుని గట్టెక్కింది. పారే నీళ్ళకు దండం పెట్టి ఏడ్చింది. చచ్చేలోపల చూశాను, ఇంకేం వద్దు అంది. అయితే కాలువ నీళ్ళు ఆమె చేలో పైనుంచి ఒక్క రోజూ పారలేదు. చేను కాలువకు దిగువన, పల్లంలో ఉంది. నీళ్ళు భూమి లోపల్నుంచి ఊరుతూ వచ్చాయి. మొదటి ఏడు కాయలు మట్టిలోనే కుళ్ళాయి. రెండో ఏడు దున్నబోతే ఎద్దులు దిగబడ్డాయి. తర్వాత అక్కడక్కడా తెల్లగా చౌడు పూసింది, మిగతా చోటంతా తుంగ గడ్డి లేచింది.

కరువు సీమలో ఉంటూ నీళ్ళెక్కువై చెడిపోయానంటే వినేవాడెవడు? ధర్మవరంలో మగ్గాల ఇంట్లో ఉన్న ఆమె చెల్లెలు కూడా నవ్విందట, నీళ్ళు లేకున్నా ఏడుపే, వచ్చినా ఏడుపేనా అక్కా అని. ఆ చేను కొనేవాడు లేడు. గుత్తకు తీసుకునేవాడూ లేడు. చెల్లెలు వచ్చి ఉండమంటే వెళ్ళి, మగ్గం చప్పుడుకు నిద్ర పట్టలేదని నాలుగు రోజులకే తిరిగొచ్చింది. అసలు సంగతి అది కాదు. చేను చూడకపోతే ఆమెకు తోచదు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అడకత్తెరలో పోకచెక్క బతుకు. ఆమె అందరినీ అడిగింది ఒక్కటే, చేనినుంచి కింద పారే వంక దాకా మురుగు కాలువ తవ్వమని. ఊటనీళ్ళు వంకలోకి పోతే చేను మళ్ళీ చేను అవుతుందని ఆమె నమ్మకం, అది సరైన నమ్మకమే. నన్ను బెంగపెట్టడం ఇష్టం లేక నాకు మాత్రం చెప్పలేదు, ఇదంతా తర్వాతే తెలిసింది.

కాలువల కింద ఇలా ఊటెక్కిన భూములన్నీ పటంలో గుర్తించి, ఆ చోటల్లా మురుగు కాలువలు తవ్వుతామని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పటం గీసే పని నేనుండే చిన్న ఆఫీసుకు వచ్చింది. ఉపగ్రహం తీసిన ఫోటోలు తెర మీద పరిచి చూస్తాం. వాటిలో పచ్చని ఆకు ఎర్రగా, నిలిచిన నీళ్ళు నల్లగా, చౌడు తెల్లగా కనిపిస్తాయి. తెర మీద చూసింది నిజమో కాదో ఊళ్ళకు పోయి, చేలల్లో నిలబడి సరిచూసుకోవాలి. చెన్నేకొత్తపల్లి వైపు, ధర్మవరం వైపు, ప్యాంటు మోకాళ్ళకు మడుచుకుని అన్ని ఊళ్ళూ తిరిగాను. అత్త ఊరికి మాత్రం పోలేదు. నా ఊరే కదా, ప్రతి గట్టూ నాకు తెలుసు కదా అనుకున్నాను. నడి వేసవి ఫోటోలో ఆమె మూడెకరాలు నిండుగా ఎర్రగా కనిపించాయి. చేను చెమ్మగా ఉందని ఆమె ఫోన్లో ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి, అత్త కూడా వరి నాటిందిరా అని మురిసిపోయాను. కాలువ కింద వరి అని రంగు నింపేశాను. నేను చూసింది తుంగ. ఆకు ఏదైనా ఆ ఫోటోలో ఎరుపే. ఈ పనికి కొత్తగా వచ్చిన వాళ్ళకు నేను మొదటి రోజు నేర్పే పాఠమే అది.

ఆ పటం పట్టుకుని ఇంజనీరు ఊరికి వచ్చినప్పుడు, నీ చేలో బంగారంలాంటి వరి ఉంటే మురుగు కాలువ ఎందుకమ్మా అని అడిగాడట. ఆ కాగితం కింద మా ఆఫీసు పేరు చూసి అత్త నాకు ఫోన్ చేసింది. తిట్టలేదు, ఒకసారి రమ్మంది. పోయాను. చేని మధ్యకు నడిపించి, వంగి చిటికెడు మట్టి తీసి నా నోట్లో పెట్టింది. ఉప్పు. నాలుక మండిపోయింది.

"పైనుంచి ఇది తెలీదు గదా నాయనా" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, నన్ను సమాధానపరచడానికే అంది. నాకు ఏడుపొచ్చింది.

మా ఆఫీసులో అడిగాను. పటం ఇచ్చేశాం, వాళ్ళు ఒప్పుకున్నారు, ఇప్పుడు తప్పని ఎలా చెబుతాం, మళ్ళీ గీసేటప్పుడు చూద్దాం అన్నారు. మళ్ళీ ఊరికి పోయి, నేనే ఇంజనీరుకు చెబుతానత్తా అన్నాను. ఆమె చేటలో కాయలు ఏరుతూ తల ఎత్తకుండానే, "వద్దు. నీ పని పోతే నా నీళ్ళు పోతాయా?" అంది. ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆమె అలా అన్నందుకు లోపల హాయిగా కూడా అనిపించింది. నన్ను బాగా సిగ్గుపెట్టేది ఆ హాయే.

ఆ తర్వాత రెండేళ్ళూ ఆమె విత్తనం ఏరుతూనే ఉంది. విత్తడానికి జానెడు నేల లేదు. ఎందుకత్తా అని ఫోన్లో అడిగితే, చెయ్యి ఊరికే ఉండలేదంది. పండక్కి పిలిస్తే పని ఉందని తప్పించుకునేవాణ్ణి. ఆమె బస్సులో వచ్చేవాళ్ళ చేత నాకు ఊరగాయ పంపేది. ఆ పటం గీసింది ఎవరో ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. ఆ సంగతి నాకు మొన్నటిదాకా తెలియదు.

మావాళ్ళు పోయినవాళ్ళను సొంత చేలోనే పూడుస్తారు. చివరికి అత్తను సాయిబు మామ తోటలో, గట్టు మీద పూడ్చాం. "మెరక నేలప్పా, ఈడ పొడిగా ఉంటాది, మాదైతే ఏం, మీదైతే ఏం" అని ఆయనే చోటు చూపించాడు. ఆ మనిషికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను. కానీ అంతకు ముందు ఆమె చేలోనే రెండు చోట్ల తవ్వి చూశాం. మొదటి గుంత నడుము లోతు తవ్వకముందే అడుగునుంచి నీళ్ళు ఊరాయి. ఇంకో మూల తవ్వాం. అక్కడా అంతే. తోడి చూద్దామని నేనే బకెట్టు తీసుకుని ఆ రెండో గుంతలోకి దిగాను. ఎంత తోడినా నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగలేదు. గట్టున తెల్లగుడ్డ కింద అత్త ఎదురుచూస్తోంది.

పైన పార పట్టుకుని నిలబడినవాడు నాతోపాటు బడికి పోయినవాడే. నా చేతిలోంచి బకెట్టు అందుకుని, నీళ్ళు దూరంగా పారబోసి వచ్చి అన్నాడు.

"ఈ చేలో వరి పండుతాదని పటం గీసినోడు యాడుండాడో గానీ, వాన్ని తెచ్చి ఈ గుంతలో నిలబెట్టల్ల."

అందరూ అవునన్నారు. వాడు ఖాళీ బకెట్టు నా చేతికిచ్చాడు. నేను వంగి మళ్ళీ నీళ్ళు ముంచాను.